చూసుకోవడం

కాసెల్‌లో రైలెక్కుతూనే చెప్పింది రోస్వీటా:
"నాతో మ్యూజియానికి రావడమంటే
వంటమనిషితో పెళ్ళి భోజనానికి వెళ్ళడమే.
తర్వాత నన్ననుకోకు."

ముప్పయ్యొక్క ఏళ్ళు
ఒకే చిత్రశాలలో, మూడో అంతస్తులో,
కుర్చీకీ కిటికీకీ మధ్య నడిచిన మనిషి.
రిటైరై ఆరు వారాలు.
నీలం కోటు తిరిగిచ్చేసింది గానీ
చేతులింకా వీపు వెనకే కట్టుకునుంటాయి.
నేనా, బేకరీలో పొద్దుటి బేరం చేసినదాన్ని.
తెల్లారాక ఊళ్ళెలా ఉంటాయో ఈ మధ్యే తెలుస్తోంది.

బ్రౌన్‌ష్వైగ్‌లో మొదటి గది.
నేను పటాలు చూస్తున్నాను.
తను జనం మోచేతులు చూస్తోంది,
వీపుసంచులు, తడి గొడుగులు,
వేలు చాపి పెళ్ళాలకి వివరించే మొగుళ్ళు.
"ఆ పాప చేతికి జామ్ ఉంది" అని గొణిగింది
గోడంత చిత్రానికి వీపు పెట్టి.

మూలన కాపలావాళ్ళ కుర్చీ.
ఓ పక్కకి ఒరిగింది, ఒక కాలి కింద మడిచిన కాగితం.
దాని ముందు మాత్రం ఆగిపోయింది
నేనే పటం ముందూ ఆగనంతసేపు.
కుర్చీ తాలూకు కుర్రాడు బెర్కాంత్ వచ్చాడు.
ఇద్దరూ పాదాల గురించి మాట్లాడుకున్నారు:
చెక్కనేల మేలా, రాతినేల మేలా,
మధ్యాహ్నం మూడింటి నిద్రని
ఆవలించకుండా ఎలా మింగాలి.
నేను పక్కన, టికెట్ కొన్న పరాయిదాన్ని.

హిల్డెస్‌హైమ్. బయట వాన.
చర్చిలో మైనం వాసన, ఊలుకోట్ల తేమ.
మన అడుగుల చప్పుడు
మనకన్నా ఒక అడుగు వెనగ్గా వస్తోంది.
రోస్వీటా చుట్టూ చూసి,
"ఇక్కడ డ్యూటీలో ఎవరు?"
"దేవుడేమో."
"పాపం, షిఫ్టు మరీ పెద్దది."
తను చర్చి పన్ను కట్టడం మానేసి ఇరవయ్యేళ్ళు.
అయినా ఆరిపోయిన ఒక కొవ్వొత్తిని
పక్కదాని మంటతో అంటించి,
ఎవరిదో తెలీని మొక్కుని నిలబెట్టి వచ్చింది.

అంతలో ఒక ముసలాయన
ఇంతమందిలో తననే అడిగాడు, బాత్రూమెక్కడని.
తనకీ ఆ చర్చి కొత్తే.
"ఎడమ తలుపు, మూడు మెట్లు దిగండి" అంది తడుముకోకుండా.
సరిగ్గా అక్కడే ఉంది.
ఎలాగో నాకిప్పటికీ తెలీదు.

రాత్రి హోటల్లో
ఒకే టబ్బులో నాలుగు పాదాలు నానబెట్టుకుని అడిగాను:
"ఇన్నేళ్ళలో నీకే పటం ఇష్టం?"
నీళ్ళు చల్లారేదాకా ఆలోచించింది.
"ఒక నిమ్మకాయ. సగం తొక్క తీసి ఉంటుంది.
బల్ల అంచు నుంచి వేలాడుతుంటుంది ఆ తొక్క.
రోజూ సాయంత్రం, తలుపు మూసేముందు,
రేపటికి రాలిపోతుందేమోనని భయం.
చూసుకున్నాను, ఉటా.
చూడ్డం కుదరలేదు."

మర్నాడు ల్యూబెక్‌లో, మరియా చర్చిలో,
దక్షిణ గోపురం కింద
యుద్ధంలో బాంబులు పడ్డ రాత్రి
పైనుంచి ఊడిపడ్డ గంటలు
పడ్డచోటే ఉన్నాయి.
ఎత్తలేదు. అతకలేదు. ఊడ్చెయ్యలేదు.
చిట్లిన కంచు, దాని కింద
దానితోపాటే కుంగిన నేల.

రోస్వీటా చేతులు విడిపోయాయి.
జనాన్ని చూళ్ళేదు, గొడుగుల్ని చూళ్ళేదు,
తన గొడుగే ఎక్కడో వదిలేసింది.
కటకటాల దాకా వెళ్ళి
ఇనుప చువ్వల మధ్యనుంచి
మోచేతి వరకూ చెయ్యి దూర్చింది.

"ముట్టుకోకండి!"
ఆ గొంతు నాదేనని
గోపురమంతా మోగాక గానీ తెలీలేదు.
నలభయ్యేళ్ళ స్నేహితురాల్ని, పైగా "అండీ" అని.

వెనక్కి తిరిగింది.
చెంపలు ఎర్రగా, జామ్ చేతుల పాపలా.
"ఆ మాట నాతో ఎవరూ అన్లేదు తెలుసా,
ఇన్నేళ్ళలో ఒక్కరూ" అంది,
ఎవరో పుట్టినరోజు గుర్తుంచుకున్నట్టు.
తర్వాత మెల్లిగా,
"ఇంకాసేపు చూడనా?"

నాలుగుంపావు రైలు పోతే పోయింది.
బెంచీ కింద నీళ్ళు కారుస్తున్న గొడుగు వెతికి తెచ్చి
నాలుగడుగుల వెనక నిలబడ్డాను.
బడిపిల్లల గుంపొకటి తోసుకుంటూ లోపలికొచ్చింది.
వేలు పెదాల మీద పెట్టి
వాళ్ళని అటు చుట్టూ తిరిగి వెళ్ళమన్నాను.