నల్లతీగ

నరసన్నపేటలో, హైవే దిగిన చోట,
నా కొట్టు ముందు పాత ఇండికా ఆగింది.
కూర్మారావు దిగకుండానే మొదలెట్టాడు:
"పాటొస్తాది. మాటొస్తాది.
జముకు దెబ్బ పడ్డంతోనే సచ్చిపోతాది."

వెనక సీట్లో అతని మేనత్త, ఆసిరమ్మ.
నోట్లో అడ్డచుట్ట, ఒళ్ళో గుడ్డ చుట్టిన జముకు.
కళింగపట్నం వైపు ఏదో ఊళ్ళో రాత్రికి కథ ఉందట.
పెన్‌డ్రైవులో ఉన్నదీ ఆవిడ గొంతే.
"ముప్పయ్యేళ్ళ బట్టి వాయిస్తన్నాను బాబూ,
నా దెబ్బకి పెట్రోమాక్సు లైటైనా ఆరలేదు.
ఈ పెట్టికేటొచ్చింది రోగం?"

నేను నవ్వలేదు. మీటరు తీశాను.

ఇంజను నడుస్తుండగా, బ్యాటరీ దగ్గర, పద్నాలుగు.
మంచి అంకె.
పక్కన ఫ్యూజు విప్పితే
మాడిన దానికే సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టి ఉంది.
"ఎవరు చేశారిది?"
కూర్మారావు మబ్బుల్లోకి చూశాడు.
ఈ తీగ మీ అత్త కాళ్ళ కిందనుంచే పోతుందయ్యా అన్నాను,
అంతకంటే ఏమీ అనలేదు.
కాగితం పీకి ముప్పై ఆంపియర్ది కొత్తది గుచ్చాను.
అయిపోయిందనుకున్నాను.
రాణి అడవికి బయల్దేరింది,
జముకు గుమ్మంది,
పెట్టె మూగబోయింది.

డిక్కీ తెరిచి ఆంప్లిఫయరు మీద
ఎర్రతీగకో ముల్లు, నల్లతీగకో ముల్లు.
కథ సాగుతుంటే పదమూడున్నర.
దెబ్బ పడితే తొమ్మిది.

అందరం ఎర్రతీగనే అనుమానిస్తాం.
సంపాదించి తెచ్చేది అదేగా, మరి.
గంటసేపు దాని వెంటే పాకాను.
కార్పెట్టు కింద పల్లీ తొక్కలు,
ఆమదాలవలస బస్సు టిక్కెట్టు,
ఆసిరమ్మ ఎప్పుడో పోగొట్టుకున్న సగం చుట్ట.
తీగ మీద మాత్రం ఒక్క గీత లేదు.

చివరికి మీటరు ముల్లుకి పొడుగు వైరు కట్టి
బ్యాటరీ మైనస్ నుంచి ఆంప్లిఫయరు మైనస్‌దాకా చూశాను.
రాణీ, అడవీ, గుమ్.
సున్నా ఉండాల్సిన చోట నాలుగు!

పోయిన కరెంటు తిరిగి రావాలి.
తిరిగొచ్చే దారి ఇరుకైతే
పోయేది గడపలోనే నిలబడిపోతుంది.
నల్లతీగని సీటు బోల్టు కింద
పెయింటు మీదే బిగించేశాడెవడో.
ఆ పెయింటు కింద ఉప్పుగాలి తిన్న ఇనుము,
వేలితో రాస్తే కాఫీపొడిలా రాలింది.

ఆసిరమ్మ వంగి చూసింది.
"సంకలో బిగించి పట్టకపోతే జముకూ పలకదు బాబూ.
తంతిని తిట్టుకుంటే ఏటొస్తాది?"
"ఈ ముక్క గంట ముందు చెప్పుంటే!"
"నువ్వడిగినావేటి?"

గరుకు కాగితంతో రుద్దాను,
ఇనుము తెల్లగా మెరిసేదాకా.
కొత్త రింగు, పళ్ళ వాషరు, బోల్టు. పైన ఇంత గ్రీజు.

జముకు మోగింది.
డిక్కీ మూత అదిరింది.
గోడకి వేలాడే నా స్పానర్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.
టీకొట్టు తవిటయ్య చేతిలో గ్లాసుతోనే బయటికొచ్చాడు.

ఆవిడ మాత్రం చుట్ట తీసి పక్కన పెట్టింది.
ఇన్నేళ్ళూ వాయించడమే గానీ
తన జముకుని ఎదురుగా కూచుని విన్నదెప్పుడు?
మళ్ళీ ఎయ్యమంది. తల పక్కకి వంచి,
మళ్ళీ.
"అదిగో. మూడో దెబ్బ ఎనకబడిపోనాది."
"ఎవుడికి తెలుస్తాదత్తా!"
"నాకు తెలిసిపోనాది గదరా."

అడిగింది మూడొందలు. ఇచ్చింది రెండొందలు.
బండి కదిలి హైవే ఎక్కుతుంటే
వెనక అద్దంలోంచి కనిపించింది,
జముకు మీది గుడ్డ విప్పేసింది.
అంత దూరం నుంచీ వినపడింది నాకు,
పెట్టెలోని మూడో దెబ్బ కన్నా
వెంట్రుకవాసి ముందు,
ఒళ్ళో దెబ్బ.