రెండు పచ్చలు

కార్పొరేషన్ ఆఫీసుకి ఎదురుగా
జిరాక్సు కొట్టులో మూల బల్ల నాది.
పేజీ టైపుకి ముప్ఫై రూపాయలు.
తప్పులు దిద్దితే డబ్బు తీసుకోను,
తప్పు ఎవరిదని అడగను.

ఈ పదిహేను రోజులూ
అందరి చేతుల్లోనూ ఒకటే కాగితం.
ఏటుకూరు దారిలో, వాగుకి ఇవతల
ముప్ఫై ఎనిమిది ఎకరాలు
ఆకుపచ్చ నుంచి పసుపుపచ్చకి మారతాయట,
అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా తెలపాలట.

గోడకి అంటించిన మ్యాపు
గుంటూరు ఎండకి అప్పుడే వెలిసిపోయి
ఏది ఏ పచ్చో తెలియకుండా ఉంది.
మా అమ్మకైతే మొదట్నుంచీ
రెండూ పచ్చే.

ముందుగా వచ్చింది బాజీబీ.
వేళ్ల సందుల్లో గోంగూర పసరు,
ఒంటి మీద తడి గోనెపట్టా వాసన.
ఎకరన్నర కౌలు, పదకొండేళ్లు.
"రాయమ్మా,
వానపడ్డ రాత్రి వాగొచ్చి మా మళ్లల్లో పడుకుని
తెల్లారి లేచిపోద్దని రాయి.
ఇళ్లు లేస్తే అదెక్కడ పడుకోవాలో
ఆఫీసరు గారిని అడుగు."

నేను కొట్టాను:
'సదరు భూమికి వర్షపు నీటి నిల్వ సామర్థ్యం కలదు.'
చదివి వినిపిస్తే
ఎవరి సంగతో విన్నట్టు తలూపింది.

నాలుగో గడి సర్వే నంబరు.
ఐదోది పాసుపుస్తకం.
"ఖాళీగా వదిలేస్తే ఏమవుద్ది?"
చెల్లదంటారు, అన్నాను.
"పదకొండేళ్ల నుంచి ఆ గడి నిండా
గోంగూరే ఉంది కదమ్మా."

మధ్యాహ్నం శేషగిరి మాస్టారు.
రెండెకరాల పట్టాదారు. మార్పుకి సమ్మతి పత్రం.
భార్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్,
ఆ బిల్లుల వెనకవైపే
చెప్పాల్సింది రాసుకొచ్చాడు.
"చేను నన్ను నలభై ఏళ్లు అమ్ముకుందమ్మా.
ఇప్పుడు నేను దాన్ని
ఒక్కసారి అమ్ముకుంటాను."
ఇది మాత్రం రాయొద్దన్నాడు.
సంతకం దగ్గర చెయ్యి వణికింది,
పక్క బల్ల మీది ఇంకుప్యాడ్ తెచ్చి
వేలిముద్ర వేయించాను, పాఠాలు చెప్పిన మనిషి చేత.
అదే అక్షరం, అదే సైజు,
అవే ముప్ఫై రూపాయలు.

గురువారం విచారణ.
మార్కెట్లో మిగిలిన కట్టలతో బాజీబీ నేరుగా వచ్చింది.
బుట్ట బయట పెట్టమన్నాడు గేటు దగ్గరి మనిషి.
లోపల పద్ధతి ప్రకారం అభ్యంతరాలు విన్నారు.
గడులు నిండనివి పక్కన పెట్టారు.
ఎవరో కుర్చీ ఎత్తారు, ఎవరో దింపారు,
మజ్జిగ ప్యాకెట్లు పంచారు.
బయట ఒక ఆవు
తీరిగ్గా నాలుగు కట్టలు తినేసింది.
దాన్ని మాత్రం ఎవరూ
ఏ సర్వే నంబరని అడగలేదు.

సాయంత్రం బాకీ ముప్ఫై ఇవ్వడానికి వచ్చింది.
వద్దన్నాను.
వద్దంటే ఊరుకుంటుందా,
చిల్లర బల్ల మీద గుమ్మరించి
"పచ్చగా ఉండమ్మా" అని వెళ్లిపోయింది.
ఏ పచ్చో చెప్పలేదు.

చెప్పాల్సిన మాట ఒకటి
నేనూ చెప్పలేదు.
ఆ పసుపులో నూట యాభై గజాలకి
నేను అడ్వాన్సు కట్టి ఐదు నెలలు.
రశీదు కీబోర్డు కింద ఉంది.
ఆమె పేరు కొట్టినప్పుడల్లా
అది కాస్త కదిలేది.

పద్నాలుగేళ్లుగా బ్రాడీపేటలో అద్దె గది,
కిటికీ తెరిస్తే పక్కింటి గోడ.
నా ఇల్లంటూ లేస్తే
వెనక ఇంత జాగా వదిలి
ఒక మడి గోంగూర వేసుకుందామనుకున్నాను.
నవ్వొస్తుంది కదూ.
నాకూ వచ్చింది, కానీ నవ్వలేదు.

రాత్రి వాన పట్టుకుంది.
కరెంటు పోయింది.
చీకట్లో మెలకువగా పడుకుని విన్నాను,
నా నూట యాభై గజాల్లో
ఎవరో నెమ్మదిగా
ఒళ్లు వాల్చుకుంటున్న చప్పుడు.