చీపురు బండి

ఉల్లికాడల లెక్కలు రాసే పుస్తకాన్ని
వెనకనుంచి తెరిచాను.
ముందువైపు ఎవరికెన్ని కట్టలు వేశానో, ఎవరెంత బాకీయో.
వెనకవైపు నాలుగు రోజులకి నాలుగు పేజీలు.

మొదటి రోజు తొంభై రెండు కిలోమీటర్లు, అంతా చదును.
వెడల్పాటి వీపులు వెతుక్కుని వాటి చాటున దూరాలి.
అప్పులవాడికి కనబడనట్టే
గాలికి కనబడకూడదు.
రెండో రోజు మూడు గుట్టలు, మధ్యలో వాన.
వాన సంగతి కాగితంలో లేదు, నేను రాసుకున్నాను.
డిసెంబరులో కురవదంటారు.
పోయినేడు కురిసింది.
మూడో రోజు ఒక్కొక్కర్నే వదులుతారు
గడియారం ముందుకి.
ఎవరి వీపూ ఉండదు.

నాలుగో పేజీలో
కనుమ అని ఒక్క మాట రాసి
కలానికి మూత పెట్టేశాను.

తోతా సరస్సు ఇంకా నల్లగా ఉండగానే లేస్తాను.
ఆరింటికి లారీ వచ్చేలోపు
అకితానియా నుంచి పైకీ కిందకీ రెండుసార్లు.
చేతుల్లోంచి ఉల్లివాసన పోదు,
తొడుగుల్లోకీ, హ్యాండిల్ పట్టీలోకీ పాకింది.
"నీ వెనక పడ్డవాడికి కళ్లు మండిపోతాయిరా"
అంటాడు మా బావమరిది అర్నుల్ఫో.
నా బాధల్లా
ఏడవడానికి నా వెనక ఎవడూ లేడనే.

కుస్తోదియో తాత వెనక చక్రానికి
ముప్పై రెండు పళ్ల గేరు బిగించాడు.
ముసలాళ్ల గేరు కదా అన్నాను.
నోరు తెరిచి చూపించమన్నాడు.
పై వరసలో రెండు ఖాళీలు.
"అక్కడ రాలినవి ఇక్కడ కలుపుకున్నాననుకో.
నీ పళ్లు లెక్కపెట్టడం కొండకి రాదు."

నోయెమీ డబ్బులు పోగేసి బల్ల మీద పెట్టింది.
ప్రవేశ రుసుము, రెండు టైర్లు, మూడు రాత్రుల బస,
ఆకులో చుట్టిన జామ హల్వా ఇరవై ముక్కలు.
ఎక్కడివని నేనడగలేదు.
చిన్న గొర్రె సంగతి ఆమె ఎత్తలేదు.
ఆ రోజంతా కొట్టం వైపు
చూడకుండా తిరిగాను.

ఇక చీపురు బండి.
పందెంలో అందరి వెనకా వస్తుంది,
పైన నిటారుగా కట్టిన చీపురుతో,
రాలినవాళ్లని ఊడ్చుకుంటూ.
పోయినేడు కనుమ పదకొండు కిలోమీటర్లుందనగా
నన్నూ ఊడ్చింది.
నడిపేవాడు పక్కింటి ఎలిసేయో.
నా వేళ్లు కొయ్యబారితే
వీపు మీది నంబరుకున్న నాలుగు పిన్నులూ
తనే తీశాడు,
నిద్రపోయిన పిల్లాడికి చొక్కా విప్పినట్టు.
కంబళి కప్పాడు. ఫ్లాస్కులోంచి వేడివేడి బెల్లంనీళ్లు పోశాడు.
ఒక్క మాట తిట్టినా బాగుండేది.

నిన్న ఎరువుల కొట్టు దగ్గర
గొంతు తగ్గించి చెప్పాడు:
"ఈసారి నిదానంగా తోలతాలే.
క్లచ్చి వేడెక్కిందంటాను, ఎవడడుగుతాడు?"

ఇంటికొచ్చాను. అన్నం సయించలేదు.
నాలుగో పేజీ తెరిచాను.
పాలక్యాన్లు పెట్టే రేకుల పంచ దగ్గర హల్వా తినాలి.
విరిగిన శిలువ దాటాక తల ఎత్తకూడదు.
వెనక డీజిల్ చప్పుడు వినిపిస్తే
అది లారీ అనుకోవాలి.
అది లారీయే అనుకోవాలి.
రాసింది కొట్టేసి
మళ్లీ అదే రాశాను.

పొద్దున్నే వెళ్లి ఎలిసేయో తలుపు తట్టాను.
ముఖం మీద సబ్బు నురగతో వచ్చాడు.
"నీ బండి ఎంత వేగంతో రావాలో
అంతే వేగంతో రా" అన్నాను.
కోపంగా అనాలనుకున్నాను, కుదరలేదు.

కాసేపు గడ్డం గోక్కున్నాడు, నురగ వేళ్లకంటింది.
"సరే. మరి ఫ్లాస్కులో
బెల్లం ఎంత వెయ్యమంటావు?"

"ఎప్పుడూ వేసేంతే.
కాకపోతే, పైన తాగుతాను."

అప్పటికే లారీ హారన్ కొడుతోంది.
నలభై కట్టలు ఇంకా కడగనేలేదు.