ఓ అనే ఊరు

లొఫోటెన్ దీవుల కొసన ఒక ఊరుంది.
పేరు ఒకే అక్షరం.
రోమన్ అకారం నెత్తిన చిన్న సున్న. పలికితే ఓ.
దారి అక్కడితో సరి, ఆపైన సముద్రమే.

జనవరి. స్వోల్వేర్ రేవు ఆఫీసులో
మధ్యాహ్నానికే చీకటి.
తూరిడ్ బల్ల మీద కాఫీ మూడోసారి చల్లారింది.
ఆటుపోట్ల లెక్క కట్టే లిస్ప్ ప్రోగ్రాము,
ముప్పై ఏళ్ల కిందట ఓస్‌మున్ రాసింది,
మామూలు ఫోల్డర్‌లో నిక్షేపంగా నడుస్తుంది.
జావా జాడీలో పెట్టి మూత బిగిస్తే మాత్రం
ఊళ్లన్నీ వరసగా లోడవుతూ వచ్చి
చివరి ఊరి దగ్గర బొక్కబోర్లా పడుతుంది:
ఫైలు లేదు.

మూత తీసి చూసింది. ఉంది.
మూసి నడిపింది. లేదు.
కళ్లెదుట కూర్చున్నదానికి
జాడీలో జాడే లేదంటుంది యంత్రం.

దారిని వేలితో తడుముతూ చదివింది.
జాడీ పేరుకీ లోపలి ఫైలుకీ నడుమ
ఒక ఆశ్చర్యార్థకం నిలబడి ఉంటుంది,
ఇవతల డిస్కు, అవతల జాడీ కడుపు.
ఆ గడప సరిగ్గానే ఉంది.
ఏటవాలు గీతలు సరే. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు సరే.
పాత కంపైల్డ్ ఫైళ్లు చెరిపి కొత్తవి కట్టింది.
బ్రాకెట్లు కూడా లెక్కపెట్టింది,
పాపం వాటి తప్పేం లేదు,
పిల్లల్ని రెక్కల కింద దాచుకున్న కోళ్లలా
అన్నీ మూసుకునే ఉన్నాయి.

పైలట్ బోటు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు:
"తెల్లారేలోగా వస్తుందా?"
తెల్లారడమంటే ఏమిటో సరిగ్గా తెలియని నెలలో.

ఎనిమిదింటికి ఓస్‌మున్‌ని పలకరించింది.
వల కుట్టుకుంటున్నాడు. సూది పళ్ల మధ్య ఉందేమో,
మాట ముద్దగా వచ్చింది:
"పేరు చదవకు. తూచు."

తూచింది.
ప్రోగ్రాము అడిగే ఓ, రెండు బైట్లు.
జాడీలో ఉన్న ఓ, మూడు.

ఒకటి పుట్టుకతోనే సున్న పెట్టుకున్న అక్షరం.
రెండోది ఉత్త అకారం,
వెనకే నడిచొచ్చి నెత్తికెక్కిన సున్న,
హల్లుకి గుణింతం అతికినట్టు.
మనిషి కంటికి రెండూ ఒకటే బొమ్మ.
జాడీకి కళ్లేవీ?

మూట కట్టింది యోరున్, కొత్తగా చేరిన పిల్ల,
తన సొంత లాప్‌టాప్‌లో.
అక్షరాన్ని విడదీసి రాసుకోవడం ఆ లాప్‌టాప్ అలవాటు.
యోరున్‌కి ఆ సంగతి ఇప్పటికీ తెలీదు.

"ఊరి పేరు తీసేసి అంకె పెట్టు," అన్నాడు ఓస్‌మున్.
పెట్టలేదు.
మూత పెట్టేముందు ప్రతి పేరునీ అతికించే
మూడు వరసలు రాసింది.

పదకొండు దాటాక లోడయింది.
ఓ. పోటు నాలుగూ పదికి.
పైలట్ బోటుకి పంపింది. జవాబు రాలేదు.
అంటే అందిందన్నమాట.

కాఫీ కప్పు ఎత్తితే
బల్ల మీద ఒక తడి సున్న,
కింద ఏ అక్షరమూ లేదు.
మోచేత్తో తుడిచేసి
దీపం ఆర్పింది.