కప్పు తట్టి చూడు

నూటముప్పై ఏళ్ల కిందటి బొగ్గుబాయి మీద
నవల రాస్తున్నాను.
గోదావరిఖనిలో, కాలనీ క్వార్టర్ వరండాలో
జాడి మొగిలికి మొదటి అధ్యాయం చదివి వినిపించాను.
ముప్పై నాలుగేళ్లు టింబర్‌మన్ ఆయన.
ఎడమ చెవి పనిచేయదు.
కుడి చెవి నా దిక్కు పెట్టి కూర్చున్నాడు.

"అమావాస్య లాంటి చీకటి" అని చదివాను.
"అమాస నాడు చుక్కలుంటయి గద" అన్నాడు.
కొట్టేశాను.

"కూలీలు వరదలా బాయిలోకి దిగారు."
"ఎంతమంది?"
తెలియదన్నాను.
"మరి పైకొచ్చినప్పుడు
ఎవడు తక్కువైండో ఎట్ల తెలుస్తది?"

సర్వసాక్షి కథనం గురించి చెప్పాను.
చెప్పేవాడు కథలో ఉండడు,
పైనుంచి అన్నీ చూస్తాడు,
అందరి మనసుల్లో మాటా వాడికి తెలుసు.
మొగిలి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.
"అంటే మేనేజరు."

తర్వాత చేతికర్ర ఎత్తి
వరండా రేకును రెండు దెబ్బలు కొట్టాడు.
ఎక్కడో పిల్లి దూకిన చప్పుడు.
"బాయిల దిగంగనే మొదటి పని గిదే బిడ్డా.
రాడ్డుతోని కప్పు తట్టాలె.
ఖంగుమంటే గట్టిది.
డబ్బుమంటే లోపట బోలు, దాని కింద నిలవడద్దు.
నీ రాత గూడ తట్టుకుంట రా."

ఆ రాత్రి పదకొండు పేజీలు తట్టాను.
సూర్యుడు నెత్తురు కక్కడం: బోలు.
చిమ్నీ పొగ నల్లతాచవడం: బోలు.
చనిపోయే ముందు సాంబయ్య మాట్లాడే పేజీన్నర
పెన్ను ఆనించకముందే నా మీద రాలింది.
మిగిలింది ఒకటే వాక్యం:
"బుచ్చవ్వ బొగ్గుతట్ట కింద సుట్టబట్ట కోసం
పెండ్లిచీర కొంగు చింపింది."

పొద్దున్నే పోయి అది చదివాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
"గీమె పేరు ఏ కాగితంల దొరికింది?"
ఎక్కడా దొరకలేదు, నేనే పెట్టానన్నాను,
దొంగతనం ఒప్పుకున్నట్టు.
"ఉండనీ" అన్నాడు.

చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి వినిపించింది:
"ఒక్కోపారి ఖంగుమన్నది గూడ కూల్తది."

ఆగిపోయాను.
ఏ బాయిలో? ఎవరి మీద?
పెన్ను అప్పటికే చేతిలో ఉంది.

మొగిలి మెల్లగా మెడ తిప్పి
ఎడమ చెవి నా దిక్కు పెట్టాడు.