గుడాలు ఏ రంగు?

ఐతారం, అంటే ఇక్కడ వారం మొదలయ్యే రోజు,
సొహార్ బడి క్యాంటీన్ షట్టర్ మీద కాయిదం అతికించిన్రు.
ఒక దిక్కు అరబ్బీ, ఒక దిక్కు ఇంగ్లీషు,
నా దిక్కు ఏమీ లేదు.
రంగులు మాత్రం తెలిసినయి.
ఎర్రగీత కింద చిప్సు, కోలా, క్రీము బన్ను,
పదకొండేండ్ల సంది నేను గోలిస్తున్న సమోసా.
పచ్చగీత కింద దోసకాయ, యాపిలు, లబన్, నీళ్లు.

సమోసా బొమ్మను ఆ ఎర్రగీత కింద చూస్తే
చుట్టమెవరో ఠాణా గోడ మీద ఫొటోకెక్కినట్టయింది.

కోలా ఫ్రిజ్జు ఖాళీ చేసి సబ్బునీళ్లతో తుడిచిన.
ఎంత తుడిచినా అడుగున ఒక జిగట
నా వేళ్లను పట్టుకొని వదల్లే.
కాంట్రాక్టరు కుంజుమోన్ లెక్కల బుక్కు మూసి
"దోసకాయ ముక్కలమ్మి కిరాయి కడతమా, రాజలింగం?" అన్నడు.

మొదటి వారమంతా
ముక్కలు బెల్లు నుంచి బెల్లు దాకా
చెమటలు పట్టి కూసున్నయి.
రెండో తరగతి జెఫిన్, గల్లాకు గదువ ఆనించి,
వంద బైసల నోటు జెండా లెక్క ఎత్తి,
"అంకుల్, సమోసా సచ్చిపోయిందా?"
"సెలవు మీద పోయింది బిడ్డా."
"ఎప్పుడొస్తది?"
నా సెలవే రెండేండ్లకొకసారి.
దాని సంగతి నేనేం చెప్పను.

తనుష్క అని ఒక పిల్ల.
నీళ్లసీసా మూత తిప్పితే బుస్సుమన్నది.
టీచరమ్మ నన్ను పిలిచి వాసన చూడమన్నది.
పదకొండేండ్ల ముక్కు, అబద్ధమాడలేదు.
వాళ్లమ్మది ఆసుపత్రిల రాత్రి డ్యూటీ,
పొద్దున సీసా పిల్లే నింపుకుంటదట,
ఇంట్ల ఏది చేతికందితే అది.
ఇంటికి చీటీ రాద్దామని పెన్ను తీసిన టీచరమ్మ
మూత పెట్టి, పిల్ల దిక్కు చూసి,
మళ్ల మూత తీసి, మళ్ల పెట్టింది.

ఆ రాత్రి గదిల శనగలు నానబోసిన.
ఉప్పు సగం. నూనె చెంచాడే.
ఉల్లిగడ్డ, అల్లం, ఈ ఊరి తోటల నిమ్మకాయ.
నాట్లేసే ఆడోళ్లకు మా అవ్వ
చేటల పోసి పంచిన గుడాలే ఇవి, కారం తగ్గించిన.

తొలి దోసెడు గేటుకాడి ముసలాయన ఖమీస్ తిన్నడు.
నముల్తా నముల్తా ఆగిండు.
"దంగో!" అన్నడు.
"ఇది మా అమ్మ చేసేది. నీకెవరు చెప్పిన్రు?"
నడుమ సముద్రం ఉన్నదని
శనగకు ఎవరూ చెప్పనట్టుంది.

ఆ రోజు ఏడు కప్పులు పోయినయి.
ఒకడు ఉమ్మేసిండు.
ఒకతి ఉల్లిముక్కలు ఏరి గోడ మీద వరుసగ పేర్చింది.
తనుష్క ఒక్కొక్క గింజ లెక్కబెట్టుకుంట తిన్నది,
నలభై మూడట. నాకొచ్చి చెప్పింది.

బుధవారం మున్సిపాలిటీ మేడమొచ్చింది.
కాయిదం మీద వేలు పై నుంచి కిందికి జరిపింది.
గుడాలు ఎర్రల లేవు. పచ్చల లేవు.
నా గుండె ఏ రంగుకు పోవాల్నో తెల్వక నిలబడ్డది.
ఖమీస్ గేటు వదిలి ఉరికొచ్చి
చేతులు తిప్పుకుంట ఏందో చెప్పిండు,
ఫీజు తీసుకోని వకీలు లెక్క.
ఆమె ఒక గింజ నోట్లేసుకున్నది.
ఉప్పు లెక్క తేలేదాక నాలుక మీదనే ఆపింది.
తర్వాత పెన్ను తీసి, పచ్చగీత కింద, అడుగున,
కుడి నుంచి ఎడమకు ఒక్క మాట రాసింది.
నాకు చదవరాదు.
మీద ఒక చుక్క, కింద ఒక చుక్క,
కప్పు నుంచి జారిన రెండు గింజల లెక్క.

రాత్రి క్యాంపుల చాయ్ పెట్టుకున్న.
కుంజుమోన్ ఫోన్ చేసి రేపటికి ఎన్ని కిలోలన్నడు,
రెండు అన్న.
షుగరు గోలి మింగి,
చాయ్‌ల మూడో చెంచా చక్కెర ఏసినంక
కాయిదం యాదికొచ్చింది.
నా కప్పుకు ఇంకా ఎవరూ గీత గియ్యలే.
కలిపిన.