ఆ అంటే అవునని కాదు

హన్మకొండ చౌరస్తాల చెప్పుల దుకాణం మీద
రెండో అంతస్తు.
మెట్లెక్కుతుంటె దవడ ముందు నడుస్తున్నది,
నేను దాని ఎన్క.

సూది వేసి పది నిమిషాలు కూసోబెట్టిన్రు.
పెదవి బరువెక్కింది. గదుమ మీద
ఇంకెవరిదో తోలు తెచ్చి అతికించినట్టయ్యింది.
సబియా అని, నీలం తొడుగులేసుకున్న పిల్ల
"మొద్దుబారిందా పెద్దమ్మా?" అన్నది.
పెదవి అయితే బారింది.
పన్నుకు మాత్రం ఆ కబురు ఎవ్వరూ చెప్పలే.

డాక్టరమ్మ మర ఆనించింది.
కొత్తవాడల నలభై ఏండ్లు జంపఖానాలు నేసినదాన్ని,
పంజా జారి వేలిగోరు లేసిపోయిననాడు సుత
మగ్గం దిగలే నేను.
ఇది అది కాదు.
ఇది చెవులకెల్లి పోయి, కంటి ఎన్క
ఎన్నడూ దీపం పెట్టని అర్రల
ఒక్కసారే లైటేసినట్టు.

"నొప్పి ఉన్నదా?"
"ఆ..."
"మొద్దుబారిందా మరి?"
"ఆ..."
నోట్లె ఇనుము, దూది, నీళ్లు గుంజే గొట్టం.
నాకు మిగిలింది ఒక్క అక్షరం.
ఆ అంటే మనకు అవునే గద,
ఆమె దేనికి అవునని రాసుకున్నదో!

ఇంకో సూది. ఇంకో పది నిమిషాలు.
గోడ మీద పన్ను బొమ్మ నవ్వుతున్నది.
దానికి కాళ్లు, చేతులు, చేతిల బ్రష్షు,
నోరు తెరిస్తే నోటినిండ పండ్లు.
(పన్నుకు పండ్లెందుకో గీసినాయన్నే అడగాలె.)

"ఇప్పుడు తాకినట్టనిపిస్తది గని, నొప్పి కాదు."
తాకుడుకు నొప్పికి తేడా
నాకు చెప్తున్నరు.
నేను పుట్టిననాడు మా అమ్మ కొంరవ్వకు
కుట్లేసుకుంట గిదే మాట అన్నరట.
ఎన్ని కుట్లో ఏ కాగితంల ఉన్నదో తెల్వదు,
అమ్మ నోట్లె ఉండె: పదకొండు.
పోయేదాక ఆ లెక్క తప్పలే.
"మనింటోళ్లకు మందెక్కదే బిడ్డా" అనేది,
"మీ తాతకు కల్లు సుత లేటుగనే ఎక్కేది" అని నవ్వేది.
ఎక్కువ చేసి చెప్తున్నదనుకున్న.
నేను సుత నమ్మలే.

ఇగ లెక్క మొదలువెట్టిన.
కుర్చీ పిడి మీద వేలితోటి పోగులు,
ఎరుపు నాలుగు, నలుపు రెండు,
పేక తోసి, పంజాతోటి కొట్టి,
మళ్ల ఎరుపు నాలుగు.
జానెడు నేసిన్నో లేదో,
నలుపు కాడ పోగు తెగింది.
కాలు దానంతటదే లేచి బల్లను తన్నింది.
గిన్నె పడ్డ సప్పుడు
కింద చెప్పులు బేరం చేసెటోళ్లకు సుత ఇనపడే ఉంటది.

అప్పుడు ఆపింది మర.
గొట్టం తీసింది. దూది తీసింది.
"చెప్పు" అన్నది.
నోరు ఖాళీ అయినంక మాట దొర్కలే.
ఉమ్మి, కండ్ల నీళ్లు, రెండూ ఒక్క తొవ్వల కారినయి.
"ఎక్కలే బిడ్డా. నేను భయపడుతలే. ఎక్కలే."
ఆమె కొద్దిసేపు నా దిక్కు చూసింది,
పన్ను దిక్కు కాదు.
"కొందరికి నరం వేరే తొవ్వల పోతది" అన్నది.
"ఇయ్యాల బంద్ చేద్దాం. బేస్తారం రా.
ఎడమ చెయ్యి లేపితే ఆపుత. ఎందుకని అడుగ."

సబియా నా చెప్పులు తెచ్చి కాళ్లకాడ పెట్టింది.
వద్దందామంటే పెదవి సాయం రాలే.

ఆటో పోచమ్మ మైదాన్ దాటంగ
ఎక్కింది మందు.
నాలుక, దవడ, చెవి,
అంతా మబ్బువట్టినట్టు, సల్లగ,
నాది కానట్టు.
ఇంత సుఖం ఉంటదా ఇండ్ల!
కొత్తవాడ మూల మీద నవ్వొచ్చింది,
సగం మొఖంతోటే.
ఆటో పిలగాడు అద్దంల చూసి
"ఏమైందే పెద్దమ్మా, మంచిగనే ఉన్నవా?" అన్నడు.

ఆ, అన్న.